గ్లాసు గుండ్రమని తెలియడమే చిక్కు

ముందు ఒక పని చేయండి. వంటింట్లోంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చి ఎదురుగా టేబుల్ మీద పెట్టుకుని, రెండు నిమిషాల్లో దాని బొమ్మ వేయండి. "నాకు బొమ్మలు రావండీ" అంటారని తెలుసు. పర్లేదు, ఎవరికీ చూపించక్కర్లేదు.

చాలామంది వేసేది ఎలా ఉంటుందంటే, పై అంచు ఉండాల్సిన దానికన్నా గుండ్రంగా, అడుగు మాత్రం స్కేలు పెట్టి కొట్టినట్టు తిన్నగా. నేను మొదటిసారి వేసిందీ అదే. ఇప్పుడు ఒక కన్ను మూసి, మోచెయ్యి వంగకుండా చెయ్యి చాచి, పెన్సిల్ అడ్డంగా పట్టుకుని అంచు వెడల్పు ఎంతుందో బొటనవేలితో గుర్తుపెట్టుకోండి. తర్వాత పెన్సిల్ని నిలువుగా తిప్పి, అంచు ఇవతలి వైపు నుంచి అవతలి వైపుకి ఎంత ఎత్తుందో చూడండి. నాకైతే వెడల్పు నాలుగు వంతులుంటే ఎత్తు ఒక్క వంతే వచ్చింది. కాయితం మీద రెండు వంతులు గీసిపెట్టాను! అడుగు సంగతి ఇంకా తమాషా. కంటికి అది పై అంచు కన్నా ఇంకా కిందుంది కాబట్టి దాన్ని మరికాస్త పైనుంచి చూస్తున్నట్టు లెక్క, అంటే అక్కడి వంపు పై అంచు వంపు కన్నా ఎక్కువ ఉండాలి. మరి తిన్నగా ఎందుకు గీశాం? గ్లాసు బల్ల మీద ఒరగకుండా నిలబడిందని మనకి తెలుసు గనక.

గొడవంతా ఆ "తెలుసు" దగ్గరే. 1931లో రాబర్ట్ థౌలెస్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు మనుషుల ముందు గుండ్రటి బిళ్ళలు పెట్టి, కూర్చున్న చోటి నుంచి అవి ఏ ఆకారంలో కనిపిస్తున్నాయో అడిగాడు. పక్క నుంచి చూస్తే బిళ్ళ కోలగా కనిపించాలి కదా, వాళ్ళు చూపించిన ఆకారం మాత్రం కంట్లో పడే కోలకీ అసలు గుండ్రానికీ మధ్యలో ఎక్కడో ఉంది. అంటే మెదడు మనకి తెలియకుండానే బిళ్ళని గుండ్రం వైపు లాగేస్తోంది. ఇది జబ్బేం కాదు, ఇలా లాగబట్టే దూరం నుంచి వస్తున్న బస్సు ఉబ్బి పెద్దదైపోతోందని మనం కంగారుపడం. బతకడానికి పనికొచ్చే ఈ గుణమే బొమ్మ దగ్గరికొచ్చేసరికి అడ్డం తిరుగుతుంది.

నమ్మకం కలగకపోతే వేడినీళ్ళ స్నానం అయ్యాక ఆవిరి పట్టిన అద్దం మీద మీ మొహం చుట్టూ వేలితో గీత గీసి కొలవండి. మీ తలకాయలో సరిగ్గా సగమే ఉంటుంది. ఎంత దూరం జరిగి నిలబడినా సగమే, ఎందుకంటే అద్దం ఎప్పుడూ మీకూ మీ ప్రతిబింబానికీ సరిగ్గా నడిమధ్యలో ఉంటుంది. ఇన్నేళ్ళుగా రోజూ చూసుకుంటున్న మొహమే, ఎప్పుడైనా చిన్నదిగా అనిపించిందా?

అందుకే "నాకు చెయ్యి తిరగదు" అనే మాట నేను పెద్దగా నమ్మను. 1997లో కోహెన్, బెన్నెట్ అనే ఇద్దరు పరిశోధకులు తప్పు చేతిదా, చూపుదా అనే ప్రశ్న పట్టుకుని, మామూలు మనుషుల చేత ఫోటోల్ని చూసి గీయించారు, ఫోటో మీదే అచ్చు దింపించారు కూడా. అచ్చు దింపేటప్పుడు చెయ్యి బాగానే పనిచేసింది. తప్పు ఎక్కువగా చూపులోనే ఉందని తేల్చారు.

మంచి డ్రాయింగ్ ఎక్సర్‌సైజులు చాలావరకు ఆ "తెలుసు"ని కాసేపు పక్కకి తప్పించే ఉపాయాలే. ఫోటోని తలకిందులుగా పెట్టి గీయమనేది అందుకే. 1979లో బెట్టీ ఎడ్వర్డ్స్ అనే అమెరికన్ టీచరు, పికాసో వేసిన సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ బొమ్మని తిరగేసి గీయించే పద్ధతితో దీన్ని లోకమంతా పాపులర్ చేసింది. కుడి మెదడు, ఎడమ మెదడు అంటూ ఆవిడ చెప్పిన కారణాన్ని ఇప్పటి శాస్త్రవేత్తలు అంతగా ఒప్పుకోరు గానీ, ఉపాయం మాత్రం పనిచేస్తుంది. తిరగేసిన ముక్కు ముక్కులా ఉండదు, వట్టి గీతలా ఉంటుంది, గీతని గీతలా గీస్తాం. కుర్చీని వదిలేసి కుర్చీ కాళ్ళ మధ్య ఖాళీని గీయమనడమూ ఇంతే, ఖాళీ ఎలా ఉండాలో మనకి ముందస్తు అభిప్రాయాలేవీ ఉండవు. గళ్ళు కొట్టి పెద్దది చేయడం సినిమా బ్యానర్లు రాసిన మన ఆర్టిస్టులకి కొట్టినపిండి. 1435లోనే ఇటలీలో ఆల్బెర్టి అనే పండితుడు, కంటికీ వస్తువుకీ మధ్య దారాల గళ్ళున్న పల్చటి బట్ట కట్టుకుని గీయమని రాశాడు. చుక్కల ముగ్గు వేసేవాళ్ళకి ఈ సుఖం కొత్తగా చెప్పక్కర్లేదు. చుక్కలు దూరాల సంగతి చూసుకుంటాయి, చేతికి మిగిలేది ఒక చుక్క నుంచి పక్క చుక్కకి వెళ్ళడమే.

చేతికీ కొంత సాధన కావాలి, కాదనను. ఏ చేతికైనా సెకనుకి 8 నుంచి 12 సార్లు సన్నటి వణుకు సహజంగా ఉంటుంది, నెమ్మదిగా, భయంభయంగా లాగిన గీతలో అదంతా అచ్చవుతుంది. భుజం నుంచి చెయ్యి కదిపి, రెండు మూడుసార్లు గాల్లోనే గీసి చూసుకుని, ఒక్క ఊపులో లాగితే గీత శుభ్రంగా వస్తుంది. రోజూ ఒక పేజీ చాలు.

ఇక విమర్శ. స్కూల్లో నా బొమ్మ చూసి ఒక మాస్టారు "కాకి గీతలు" అన్నారు, క్లాసంతా నవ్వింది, పదేళ్ళు పెన్సిల్ ముట్టలేదు. పోనీ "సూపర్, ఇరగదీశావ్" అంటే మేలా అంటే, అదీ కాదు. ఆ రెండు మాటల్లోనూ ఏ గీత ఎటు జరపాలో లేదు. 1996లో క్లూగర్, డినిసి అనే పరిశోధకులు పాత ప్రయోగాల నుంచి 607 ఫలితాల్ని కలిపి లెక్కగట్టారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది, కానీ మూడోవంతు కన్నా ఎక్కువ సందర్భాల్లో పనితనం ఇంకా దిగజారింది. మాట పని మీద నుంచి మనిషి మీదకి జరిగేకొద్దీ దాని బలం తగ్గుతుందని వాళ్ళ వివరణ. "నీకు మొహాలు రావు" అనేది మనిషి మీది మాట. "కళ్ళు నుదుటి మీదకి ఎక్కాయి, తల ఎత్తులో సగం దగ్గరికి దింపు" అనేది స్కేలు పెట్టి సరిచూసుకోగల మాట. అలా చెప్పేవాళ్ళు దొరక్కపోతే బొమ్మని అద్దంలో చూసుకోమని చిత్రకారుడు లియొనార్డో డావిన్సీ సలహా, తిరగబడితే అది పరాయివాడి బొమ్మలా కనిపిస్తుందట. ఇప్పుడైతే ఫోన్లో ఫ్లిప్ కొడితే చాలు.

ఇంత చదివి, మొన్న మా అక్క కూతురు స్టూలు మీద గ్లాసు పెట్టుకుని గీస్తుంటే వెనక నిలబడి "అంచు బాగా నొక్కేశావమ్మా, ఇంకాస్త గుండ్రంగా ఉండాలి" అన్నాను, నిర్మాణాత్మకంగానే. అది ఒక కన్ను మూసింది, పెన్సిల్ చాచి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచింది.

"మామయ్యా, నువ్వు నిలబడి చూస్తున్నావ్. నేను కింద కూర్చున్నా" అంది.

కింద చతికిలబడి దాని పక్కనే తల పెట్టి చూశాను. అంచు అది గీసినంత పల్చగానే ఉంది.