ఉప్పు చల్లిన రోడ్లు, తుప్పు తిన్న బండ్లు

తిరుపతి, చిత్తూరు వైపు బండికి తుప్పు పట్టిందంటే ఎవరూ పెద్దగా టెన్షన్ పడరు. దామలచెరువు మండీకి మామిడికాయలు తోలే పికప్‌కు పదేళ్లు దాటాక తలుపు అడుగున, బాడీ మూలల్లో చిల్లులు పడితే టింకరింగ్ షెడ్డుకు తీసుకెళ్తారు. అక్కడ రేకు ముక్క వెల్డింగ్ పెట్టి, పైన పెయింట్ కొడతారు. పని అయిపోతుంది. కింద ఛాసిస్ గట్టిగానే ఉంటుంది కాబట్టి దాని గురించి ఎవరూ అడగరు.

ఇదే ప్రాంతం నుంచి వెళ్లి అమెరికాలోని మిషిగన్‌లోనో, ఒహాయోలోనో, కెనడాలోని ఒంటారియోలోనో స్థిరపడ్డ పిల్లలు సెకండ్ హ్యాండ్ పికప్ కొనబోతే లెక్క తలకిందులవుతుంది. అక్కడ ఇంజిన్ కంటే ముందు ఫ్రేమ్ చూడమంటారు. ఫ్రేమ్ అంటే మన ఛాసిసే. పైన పెయింట్ తళతళలాడుతున్న బండికి అడుగున ఛాసిస్ సుత్తి దెబ్బకు పొరలు పొరలుగా రాలిపోవడం ఇక్కడి పెద్దవాళ్లకు నమ్మబుద్ధి కాదు. ఇది అర్థం కావాలంటే బండి సంగతి తర్వాత, ముందు ఆ రోడ్ల సంగతి తెలుసుకోవాలి.

మంచు కురిసే దేశాల్లో రోడ్డు మీద మంచు ఒకప్పుడు సమస్యే కాదు. గుర్రాలు లాగే స్లెడ్జి బండ్లకు చక్రాలు ఉండవు, మంచు ఉంటేనే జారతాయి. అందుకే అమెరికా ఈశాన్య ప్రాంతంలో పెద్ద రోలర్లతో మంచును అణిచి గట్టిపరిచేవారు. పైకప్పు ఉన్న వంతెనల లోపల మంచు పడదు కదా, అక్కడికి పారలతో మంచు మోసుకొచ్చి మరీ పరిచేవారు. 19వ శతాబ్దం చివర్లో కొన్ని నగరాల్లో ట్రాముల కోసం పట్టాల వెంట మంచు కరగడానికి ఉప్పు చల్లితే జనం గొడవ చేశారు. బూట్లు, బట్టలు పాడవుతున్నాయనీ, స్లెడ్జిలు నడవడం లేదనీ వాళ్ల ఫిర్యాదు. తుప్పు మాట అప్పటికి ఇంకా రాలేదు.

కార్లు వచ్చాక ఇసుక, బొగ్గు బూడిద చల్లి పట్టు తెప్పించేవారు. మంచును కరిగించడానికే రోడ్ల మీద ఉప్పు చల్లిన మొదటి రాష్ట్రం న్యూ హాంప్‌షైర్. అది 1938లో, ప్రయోగంగా. 1941-42 చలికాలంలో అమెరికా మొత్తం మీద హైవేలపై పడిన ఉప్పు సుమారు 5,000 టన్నులు. యుద్ధం తర్వాత పరిస్థితి మారింది. ఊళ్లు నగరాల చుట్టూ విస్తరించాయి, ఆఫీసుకు కారులో వెళ్లడం మామూలైంది, 1956 చట్టంతో ఇంటర్‌స్టేట్ హైవేలు మొదలయ్యాయి. చలికాలమైనా సరే, తారు నల్లగా కనపడి తీరాలని అధికారులు విధానం పెట్టుకున్నారు. 1950లు, 60లలో ఉప్పు వాడకం దాదాపు ఐదేళ్లకోసారి రెట్టింపవుతూ 1970 నాటికి కోటి టన్నుల దాకా చేరింది. ఇప్పుడు ఏటా సుమారు రెండు కోట్ల టన్నులు. కార్ల రాజధాని డెట్రాయిట్ నగరం కిందే, 1,100 అడుగులకు పైగా లోతులో, పెద్ద ఉప్పు గని ఉంది. బండ్లూ వాటి శత్రువూ ఒకే ఊరి సరుకు.

ఉప్పు ఇనుమును నేరుగా తినదు. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు ఎలాగూ మొదలవుతుంది. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కాబట్టి ఆ చర్య జోరందుకుంటుంది. పైగా ఇనుము మీద ఏర్పడే సన్నని రక్షణ పొరను క్లోరైడ్ పగలగొడుతుంది. ఇది మనకు తెలియని సంగతేం కాదు. తడ, సూళ్లూరుపేట వైపు పులికాట్ ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఏమవుతాయో అక్కడివాళ్లను అడిగితే చెబుతారు. ఐసు వేసుకుని చేపలు, రొయ్యలు తోలే బండి బాడీ, మామిడి తోలే బండి బాడీ కంటే ముందే పోతుంది. అయితే మనకు ఎండ ఉంది. తడిసిన బండి మధ్యాహ్నానికి ఆరిపోతుంది. అక్కడ డిసెంబరులో పట్టిన ఉప్పు బురద మార్చి దాకా తడితడిగానే ఉండిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు ఉప్పు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే సరిగ్గా పనిచేయదు. అప్పుడు కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ వాడతారు. ఇవి గాలిలోని తేమను లాక్కుంటాయి. రోడ్డు పొడిగా కనపడుతున్నా బండి అడుగు చెమ్మగానే ఉంటుంది. ఇక వెచ్చని గ్యారేజీ బండికి మంచిదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉప్పు బురద కడగకుండా బండిని అందులో పెడితే, గడ్డకట్టి ఊరుకున్న ఉప్పునీరు కరిగి మళ్లీ పనికి దిగుతుంది. ఆ బండి కంటే బయట చలిలో నిలబెట్టిందే నయం.

పికప్‌కే ఈ బాధ ఎక్కువ ఎందుకంటే దాని నిర్మాణం వేరు. చాలా కార్లలో బాడీయే ఛాసిస్. పికప్‌లో నిచ్చెన ఆకారపు ఛాసిస్ మీద క్యాబిన్, వెనక బాడీ విడివిడిగా కూర్చుంటాయి. మన శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు కర్మాగారంలో తయారయ్యే డీ-మాక్స్ కూడా ఈ రకమే. బరువు మోయడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. కానీ ఛాసిస్ దూలాలు చాలా బండ్లలో పెట్టెలా మూసి ఉంటాయి. రంధ్రాల గుండా లోపలికి వెళ్లిన ఉప్పు బురద బయటికి రాదు. బయటి నుంచి చూస్తే నల్లగా, నిక్షేపంగా కనపడే దూలం లోపల్నుంచి పలచబడుతూ ఉంటుంది.

1950ల చివర్లోనే డెట్రాయిట్‌లో జీబార్ట్ అనే సంస్థ తలుపుల్లో, దూలాల్లో రంధ్రాలు వేసి మైనం లాంటి పూత చిమ్మే వ్యాపారం పెట్టింది. 1970లలో మూడు నాలుగేళ్లకే చిల్లులు పడిన కార్ల మీద కెనడాలో జనం తిరగబడ్డారు. ఆ ఒత్తిడికి కంపెనీలు దిగివచ్చాయి. బాడీని రంగు తొట్టిలో ముంచి విద్యుత్తుతో పూత పట్టించే పద్ధతి 1970ల చివరి నుంచి వ్యాపించింది. 80లలో బాడీకి జింకు పూసిన రేకు వాడటం మామూలైంది. ఇనుము కంటే ముందు జింకు తాను కరిగిపోతుంది, అందువల్ల గీత పడినా కింది ఇనుము దక్కుతుంది.

నా లెక్కలో అసలు తిరకాసు ఇక్కడే మొదలైంది. జింకు భాగ్యం బాడీకి దక్కింది గానీ ఛాసిస్‌కు చాలావరకు దక్కలేదు. దానికి నల్ల రంగో, మైనమో పూసి పంపేవారు. దాంతో పైకి పదిహేనేళ్లు కొత్తగా ఉండే బండి తయారైంది, కింద మాత్రం పాత కథే. పైన చిల్లులు పడే రోజుల్లో కనీసం హెచ్చరిక ఉండేది.

దీని ఫలితం టయోటా పికప్‌ల విషయంలో బయటపడింది. 1995-2000 మోడళ్ల టకోమా ఛాసిస్‌లు తుప్పుకు చిల్లులు పడుతుండటంతో 2008లో కంపెనీ వాటికి 15 ఏళ్ల వారంటీ ఇచ్చింది. మరీ పాడైన బండ్లను మార్కెట్ ధరకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి కొంది. 2009లో 2000-2003 మోడళ్ల టండ్రాలు సుమారు 1,10,000 రీకాల్ అయ్యాయి. వెనక అడ్డదూలం పుచ్చి స్టెప్నీ టైరు నడిరోడ్డు మీద పడిపోవచ్చని భయం. 2016లో సుమారు 15 లక్షల బండ్లకు సంబంధించిన కోర్టు కేసులో రాజీ కుదిరింది, దాని విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని అంచనా వేశారు. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 పికప్ బాడీ మొత్తం అల్యూమినియం అయింది. ఛాసిస్ మాత్రం ఉక్కే.

కాబట్టి అక్కడ బండి కాపాడుకోవడమంటే ఛాసిస్ లోపలికి చేరడమే. ఏటా మంచు మొదలవక ముందు, అక్టోబరు ప్రాంతంలో, బండి అడుగు కడిగి, బాగా ఆరనిచ్చి, నూనె రకం పూత కొట్టిస్తారు. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్‌తో చేసినవి బాగా వాడుకలో ఉన్నాయి. పొడవాటి గొట్టంతో ఛాసిస్ రంధ్రాల గుండా లోపల చిమ్మడం ముఖ్యం. ఆ తర్వాత బ్రేకు పైపులు, కట్టల (లీఫ్ స్ప్రింగుల) బిగింపులు, క్యాబిన్ మూలలు, వెనక చక్రాల పైభాగం. నీరు కారే రంధ్రాలు మూసుకుపోకూడదు. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా దాటిన రోజున అడుగు భాగం కడిగించుకోవాలి.

మన షోరూముల్లో అంటగట్టే నల్లటి రబ్బరు అండర్ కోటింగ్ అక్కడ ప్రమాదం. కొత్తలో బాగుంటుంది. చలికి పగుళ్లు వచ్చాక ఉప్పునీరు దాని వెనక చేరి బయటికి రాదు, కంటికీ కనపడదు. మన లారీల వాళ్లు అడుగున పూసే పాత ఇంజిన్ ఆయిల్ తుప్పును కొంత ఆపుతుంది, అక్కడి రైతులూ ఒకప్పుడు అదే పూసేవారు. కానీ అది నేలలోకి, నీళ్లలోకి కారుతుంది, ఇప్పుడు ఎవరూ సలహా ఇవ్వరు. విద్యుత్తుతో తుప్పు ఆపుతామంటూ బ్యాటరీకి తగిలించే ఎలక్ట్రానిక్ పెట్టెలతో ఉపయోగం లేదు. నీళ్లలో మునిగి ఉండే ఓడకు ఆ సూత్రం పనిచేస్తుంది, గాలిలో తిరిగే బండికి చుట్టూ ఆ నీరు లేదు. అలాంటిది అమ్మిన ఒక సంస్థపై 1990లలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది.

పాత బండి కొనేవాళ్లు రాష్ట్రం కూడా చూసుకోవాలి. పెన్సిల్వేనియాలో ఏటా బండ్ల తనిఖీ ఉంది, మిషిగన్‌లో అలాంటిది లేదు. చెరువులు, బావులు ఉప్పగా మారుతున్నాయని ఇటీవల చాలాచోట్ల రాళ్ల ఉప్పు తగ్గించి, మంచు పడక ముందే ఉప్పునీరు చిమ్ముతున్నారు. అలాంటి చోట్ల వాడే ఉప్పు తగ్గుతోంది, నీటికి అది మేలే. కానీ ద్రవం రాళ్ల కంటే సులువుగా అతుకుల్లోకి, దూలాల్లోకి పాకుతుంది. పికప్ వాళ్లకు దీంతో ఊరటేమీ రాలేదు.