కుట్టు మిషన్ల కంపెనీ చేసిన 500 పిస్తోళ్లు

రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి అమెరికా సైనిక పిస్తోలు ఏదైనా వేలానికి వస్తే, పాత ఆయుధాలు సేకరించేవారి చూపు ముందుగా స్లైడు, అంటే పిస్తోలు మీద ముందుకూ వెనక్కూ కదిలే పై భాగం, ఎడమ వైపుకు పోతుంది. అక్కడ పై వరుసలో ‘ఎస్. ఎంఎఫ్‌జీ. కో.’ అనీ, కింది వరుసలో ‘ఎలిజబెత్, ఎన్.జె., యు.ఎస్.ఏ.’ అనీ చిన్న అక్షరాలు కనబడితే ఆ వేలం తీరే మారిపోతుంది. 2017లో అలాంటి పిస్తోలు ఒకటి 4 లక్షల డాలర్లకు పైగా పలికింది. అదే నమూనాలో, అదే .45 అంగుళాల తూటాతో, ఇతర కంపెనీలు చేసిన పిస్తోళ్లు లక్షల సంఖ్యలో ఉన్నాయి. వాటి ధర దీని దరిదాపులకు కూడా రాదు. ఆ అక్షరాల వెనక ఉన్నది ఆయుధాల కంపెనీ కాదు. నల్లటి ఇనుప ఒంటి మీద బంగారు రంగు పేరుతో మన అమ్మమ్మల ఇళ్లలో, ఊరి దర్జీల అరుగుల మీద దశాబ్దాల పాటు తిరిగిన కుట్టు మిషను చేసిన సింగర్ కంపెనీయే అది. ఆ కంపెనీ మొత్తం మీద చేసినవి 500 పిస్తోళ్లు. అన్ని మాత్రమే ఎందుకు చేసిందన్న ప్రశ్నకు జవాబు యుద్ధరంగంలో కాక ప్రభుత్వ కాగితాల్లో దొరుకుతుంది.

పిస్తోలు నమూనా మాత్రం సింగర్‌ది కాదు. ఫిలిప్పీన్స్‌లో మోరోలనే స్థానిక ముస్లిం తెగలతో తలపడిన అమెరికా సైనికులు, తమ .38 రివాల్వరు తూటా మీదికి దూసుకొచ్చే మనిషిని ఆపలేకపోతోందని మొరపెట్టుకోవడంతో, 1904లో కెప్టెన్ జాన్ థాంప్సన్, మేజర్ లూయీ లగార్డ్ ఇద్దరూ షికాగో కబేళాల్లో పశువుల మీద, విడిగా మనుషుల శవాల మీద రకరకాల తూటాలను పరీక్షించి, .45కు తగ్గితే లాభం లేదని తేల్చారు. ఆ కొలతకు తగ్గట్టు జాన్ బ్రౌనింగ్ రూపొందించి కోల్ట్ కంపెనీ తయారుచేసిన పిస్తోలు, 1911 మార్చిలో జరిగిన ఆఖరి పరీక్షలో 6,000 తూటాలను ఒక్కసారి కూడా మొరాయించకుండా పేల్చింది. అదే నెల 29న సైన్యం దాన్ని స్వీకరించి ఎం1911 అని పేరు పెట్టింది. మొదటి యుద్ధం తరువాత ట్రిగ్గరును పొట్టి చేసి, పిడి వెనక భాగానికి చిన్న వంపు ఇచ్చి, మరికొన్ని దిద్దుబాట్లు చేశారు. 1926 నుంచి దాని పేరు ఎం1911ఎ1 అయింది.

అసలు కథకు బీజం పడింది మొదటి యుద్ధం చివరి ఏడాదిలోనే. అప్పుడు కావలసినన్ని పిస్తోళ్లు కోల్ట్ ఒక్కటే చేయలేకపోవడంతో, 1918లో ప్రభుత్వం కనబడిన ప్రతి యంత్రాల కంపెనీకీ కాంట్రాక్టు ఇచ్చింది. డబ్బు లెక్కించే యంత్రాలు చేసే నేషనల్ క్యాష్ రిజిస్టర్, కూడికల యంత్రాలు చేసే బరోస్, అచ్చుయంత్రాలు చేసే లాన్‌స్టన్ మోనోటైప్ వంటివన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. నవంబరులో యుద్ధం ముగిసేనాటికి ఈ మూడింటి నుంచీ ఒక్క పిస్తోలు కూడా సైన్యం చేతికి అందలేదు, కాంట్రాక్టులు రద్దయ్యాయి. యంత్రాలు చేయడంలో ఆరితేరిన కంపెనీలు ఒక పిస్తోలు దగ్గర అలా చతికిలబడటానికి కారణం చేతగానితనం కాదు. వెంట్రుక మందం తేడా కూడా ఒప్పుకోని భాగాలను, ఏ పిస్తోలు భాగాన్ని ఏ పిస్తోలుకైనా బిగించగలిగేలా చేయాలంటే, దానికి ప్రత్యేకమైన కొలత పరికరాలు, భాగాలను కదలకుండా పట్టి ఉంచే బిగింపులు, పనివాళ్లకు శిక్షణ, ఇవన్నీ ముందే సిద్ధంగా ఉండాలి. అవి సమకూర్చుకోవడానికే నెలలు పడుతుంది.

ఆ చేదు అనుభవాన్ని మరచిపోని అధికారుల ఒత్తిడితో, యూరప్‌లో మళ్లీ మబ్బులు కమ్ముతున్న 1938 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. శాంతికాలంలోనే ఎంపిక చేసిన కంపెనీలకు చిన్న చిన్న ఆర్డర్లు ఇవ్వాలి. సరుకు కోసం కాదు, నేర్పు కోసం. వీటికి ‘బోధనా ఆర్డర్లు’ అని పేరు. 1939లో వించెస్టర్ కంపెనీకి 500 గారండ్ రైఫిళ్ల ఆర్డరు ఈ పద్ధతిలోనే వెళ్లింది. 1940 ఏప్రిల్ 17న సింగర్‌కు వచ్చినది కూడా 500 పిస్తోళ్ల ఆర్డరే. అయితే ఆ కాగితంలో 500 అనే అంకె కంటే ముఖ్యమైన షరతు మరొకటి ఉంది: పెద్ద ఎత్తున పిస్తోళ్లు చేయగలిగేటంత సరంజామాను కంపెనీ సిద్ధం చేసుకోవాలి. అంటే ఆ 500 పిస్తోళ్లు పాఠం చివర రాసిన పరీక్ష లాంటివి. దాన్ని దృష్టిలో పెట్టుకోకపోతే ఈ పిస్తోలు చరిత్ర అంతా వింతగానే తోస్తుంది.

సింగర్‌ను ఎంచుకోవడంలో వింతేమీ లేదు. 1851లో ఐజాక్ సింగర్ తన కుట్టు మిషనుకు పేటెంటు పొందిన నాటి నుంచి ఆ కంపెనీ పేరు తెచ్చుకున్నది రెండింటికి: వాయిదాల మీద అమ్మడం, సన్నటి ఇనుప భాగాలను లెక్కలేనన్ని ఒకే కొలతతో చేయడం. న్యూజెర్సీలోని ఎలిజబెత్ పట్టణంలో 1873లో మొదలైన కర్మాగారంలో సూది, షటిల్, బాబిన్ ఒకదానితో ఒకటి తాళం తప్పకుండా కదిలేలా చేసే పనివాళ్లు తరతరాలుగా ఉన్నారు. పేలే ప్రతిసారీ వెనక్కి తన్ని, ఖాళీ తూటాను విసిరేసి, కొత్తదాన్ని ఎక్కించుకుని ముందుకు వచ్చే స్లైడు వారికి మరీ పరాయి వస్తువేమీ కాదు.

1941 డిసెంబరు నాటికి 500 పిస్తోళ్లూ సైన్యానికి అందాయి. వాటి నంబర్లు ఎస్800001తో మొదలై ఎస్800500తో ముగుస్తాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే, తరువాతి యుద్ధకాలపు పిస్తోళ్ల మీద ఉండే బూడిద రంగు గరుకు పూత దీని మీద కనబడదు. లోతైన నీలి నలుపు మెరుగు ఉంటుంది. పిడికి రెండు వైపులా బిగించినవి గోధుమ రంగు ప్లాస్టిక్ పలకలు. కోల్ట్ స్లైడు మీద ఉండే, ముందుకాళ్లెత్తి నిలబడ్డ గుర్రం బొమ్మ లేదు. పిడితో కలిసి ఉండే కింది భాగమైన ఫ్రేము ఎడమ వైపున మాత్రం ‘జె.కె.సి.’ అని మూడు అక్షరాల ముద్ర ఉంటుంది. సైన్యం తరఫున సరుకును పరిశీలించి ఒప్పుకున్న కర్నల్ జాన్ కె. క్లెమెంట్ పేరులోని అక్షరాలవి.

సరిగ్గా అదే నెలలో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి అమెరికా యుద్ధంలోకి దిగింది. పరీక్ష రాసిన కంపెనీకి లక్షల పిస్తోళ్ల పని వస్తుందని ఎవరైనా అనుకుంటారు, జరిగింది మరొకటి. కోరినంత వేగాన్ని సింగర్ అందుకోలేకపోయిందని కొందరంటారు. అంత నేర్పున్న పనివాళ్లను పిస్తోళ్ల మీద వృథా చేయకూడదని సైన్యమే భావించిందని మరికొందరంటారు. రెండో మాట కంపెనీని మెచ్చుకునేది కాబట్టి అమ్మేవాళ్ల నోట ఎక్కువగా వినబడుతుందన్న అనుమానం నాకు లేకపోలేదు. అయినా అందులో నిజం పాలు ఉందనే చెప్పాలి. ఎందుకంటే విమాన విధ్వంసక ఫిరంగులను కదిలే విమానం మీదికి గురిపెట్టే ఎం5 డైరెక్టర్ అనే లెక్కల యంత్రాన్ని తయారుచేసే బాధ్యత సింగర్‌కే దక్కింది. పళ్లచక్రాలతో నిండిన ఆ పెట్టె ముందు పిస్తోలు సులువైన పనే. పిస్తోళ్ల కోసం కూడబెట్టిన సరంజామాను ప్రభుత్వం ఇతర కంపెనీలకు తరలించింది. టైప్‌రైటర్ల కంపెనీ రెమింగ్టన్ రాండ్ యుద్ధం ముగిసేలోగా 8 లక్షలకు పైగా పిస్తోళ్లు చేసింది. రైల్వే సిగ్నళ్ల కంపెనీ యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ 55,000 చేసింది. పాఠం నేర్చుకున్నది ఒకరు, దాన్ని వాడుకున్నది వేరొకరు.

ఇక ఆ 500 పిస్తోళ్ల గతి. వాటిని అపురూపంగా దాచిపెట్టాలని సైన్యానికి ఎవరూ చెప్పలేదు. అవి మిగతా వాటితో కలిసి సైనికుల నడుములకు ఎక్కాయి; చాలావరకు వైమానిక దళ సిబ్బందికి చేరాయని చెబుతారు. కూలిన విమానాలతో కొన్ని పోయి ఉంటాయి. బతికి బయటపడ్డవాటికి మరో గండం మరమ్మతు డిపోల్లో ఎదురైంది. అక్కడ అరిగిన పిస్తోళ్లను విప్పి, భాగాలన్నీ రాశులు పోసి, చేతికి అందినవాటిని బిగించి, పైన కొత్త పూత వేసి పంపేవారు. ఏ భాగమైనా ఏ పిస్తోలుకైనా సరిపోవాలన్నది ఆ నమూనా గొప్పతనం. ఆ గొప్పతనమే సింగర్ పిస్తోళ్లను ముక్కలు ముక్కలుగా చెదరగొట్టింది.

అందుకే నేడు ఇలాంటి పిస్తోలు పుట్టుక తేల్చడం సగం చరిత్ర, సగం అపరాధ పరిశోధన. నంబరు ఉండేది ఫ్రేము మీద, కంపెనీ పేరు ఉండేది స్లైడు మీద. రెండూ నిమిషంలో విడిపోయే ముక్కలు కాబట్టి ఒకటి నిజమైనంత మాత్రాన రెండోది నిజమని నమ్మడానికి వీల్లేదు. ధర లక్షల డాలర్లకు చేరాక మామూలు స్లైడు మీద పాత అక్షరాలను చెరిపి కొత్తవి వేసేవాళ్లూ పుట్టుకొచ్చారు. కొనేవారు భూతద్దం పట్టుకుని, అక్షరాల అంచుల్లో పూత ముందు పడిందా, ముద్ర ముందు పడిందా అని వెతుకుతారు. మెరుగు కొత్తగా పట్టించినదైతే ధర ఒక్కసారిగా కిందికి జారుతుంది. అప్పుడప్పుడూ నిజమైన సింగర్ స్లైడు ఒకటి మరే కంపెనీదో అయిన ఫ్రేము మీద బయటపడుతుంది. దానితో జతగా పుట్టిన ఫ్రేము ‘ఎస్’ అక్షరంతో మొదలయ్యే నంబరును కుడి వైపున మోస్తూ, ఎవరింటి బీరువాలోనో టైప్‌రైటర్ల కంపెనీ స్లైడు కింద పడి ఉండవచ్చు.