పింఛను, స్టోరు బియ్యం, కరువు పని: అపోహలు - వాస్తవాలు

ఒకటో తారీకు పొద్దున్నే గ్రామ సచివాలయం సిబ్బంది పింఛన్ల డబ్బుతో వీధిలోకి వస్తారు. ఆ పూటే రచ్చకట్ట మీద ఒక మాట కూడా మొదలవుతుంది. "వాళ్లకేమప్పా, నెల తిరిగేసరికి దుడ్లు ఇంటికే వస్తాండాయ్. ఇంగ ఒళ్లు వంచి పని జేస్తారా?" ఆదోనిలో అయినా, కదిరిలో అయినా, ప్రొద్దుటూరులో అయినా ఈ మాట వినపడుతూనే ఉంటుంది. అనేవాళ్ల ఇంట్లోనూ ఒక బియ్యం కార్డు ఉండటం మామూలే, అది వేరే సంగతి. పింఛన్లు, కార్డుల అర్జీలు రోజూ చూసే మాకు తెలిసిన లెక్కలు ఇవి.

అపోహ: ఒళ్లు బాగున్నోళ్లను కూర్చోబెట్టి మేపుతున్నారు.

పింఛను ఒళ్లు బాగున్నవాళ్ల కోసం పెట్టింది కాదు. 60 ఏళ్లు దాటినవాళ్లు, భర్త పోయినవాళ్లు, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఈ జాబితాలో ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య, వితంతు పింఛను నెలకు 4,000. దివ్యాంగులకు 6,000. మంచం దిగలేని స్థితిలో ఉన్నవాళ్లకు 15,000. నాలుగు వేలను ముప్పై రోజులకు పంచితే రోజుకు 133 రూపాయలు. బీపీ, షుగరు మాత్రలు, సంగటికి పిండి, పాలు కొన్నాక అందులో మేపడానికి మిగిలేది ఏముంది?

ఇందులో కేంద్రం ఇచ్చేది 60 నుంచి 79 ఏళ్లవాళ్లకు నెలకు 200 మాత్రమే, అదీ దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకే. తక్కింది రాష్ట్రం భరిస్తోంది.

"వానికి యాభై ఏండ్లే, పింఛనెట్ల ఇచ్చిరి?" అని మూతి విరిచే ముందు వాని వృత్తి అడగాలి. నేతన్నలకు, కల్లుగీత కార్మికులకు, డప్పు కళాకారులకు 50 ఏళ్లకే పింఛను, చెప్పులు కుట్టేవాళ్లకు 40 ఏళ్లకే. ధర్మవరంలోనో ఎమ్మిగనూరులోనో ముప్పై ఏళ్లు గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి మోకాళ్లు, కళ్లు యాభైకే ఎట్లుంటాయో ఆ ఊళ్లవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

పింఛను తీసుకునే ముసలామె కూలికి పోతే అది తప్పేమీ కాదు. పోకూడదని ఏ నిబంధనా లేదు, పని చేస్తే పింఛను ఆగదు. చెనిక్కాయ వలిచేచోట, చింతపండు కొట్టేచోట చూడండి, అందులో పింఛనుదారులు ఎంతమందో. ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ బృందం ఆరు దేశాల్లో ప్రభుత్వాలు నడిపిన ఏడు నగదు పథకాల లెక్కలు తిరగేసి 2017లో అచ్చువేసింది. డబ్బు అందినందువల్ల జనం పని మానుకున్నారనడానికి వాటిలో ఆధారం కనపడలేదు. "చేతికిస్తే తాగేస్తారు" అన్న మాటను ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2014లో అనేక దేశాల అధ్యయనాలు ముందేసుకుని పరీక్షించారు. సారా, పొగాకుల మీద ఖర్చు పెరిగినట్టు తేలలేదు.

అపోహ: అడిగినోళ్లకల్లా ఇచ్చేస్తున్నారు.

నిజానికి జరిగేది దీనికి తలకిందులు. అర్హత ఉండి రానివాళ్ల అర్జీలతోనే మాకు పొద్దు గడిచిపోతుంది. అర్జీ వస్తే ముందు ఆదాయం చూస్తారు, తర్వాత ఇంకో ఆరు సంగతులు చూస్తారు. దీన్నే ఆరంచెల పరిశీలన అంటారు. కుటుంబం ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 దాటకూడదు. భూమి మూడెకరాల మాగాణి, లేదా పదెకరాల మెట్ట, రెండూ ఉంటే కలిపి పదెకరాల లోపు ఉండాలి. నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదు (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉంటే పర్వాలేదు). ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ ప్రభుత్వ పెన్షనరు గానీ ఉండకూడదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు మించకూడదు. పట్నంలో ఇంటి విస్తీర్ణం కూడా చూస్తారు.

పదెకరాల మెట్ట అంటే కోస్తావాళ్లు భూస్వామి అనుకుంటారేమో. సాలుకు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే అనంతపురంలో, బోరు లేని పదెకరాల ఎర్రనేలలో రెండేళ్లు వరసగా చెనిక్కాయ పోతే మిగిలేది అప్పు పత్రమే.

ఈ పరిశీలన చేసేది మనిషి కాదు, కంప్యూటరు. ఆధార్ నంబరు ఎక్కడెక్కడ అతుక్కుని ఉందో అదంతా పోగేసి ఔననో కాదనో చెబుతుంది. తప్పు జరిగేది ఆ అతుకుల దగ్గరే.

అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కరెంటు మీటరు. ఒకే ఆధార్‌కు మూడు సర్వీసు నంబర్లు తగిలించి ఉంటాయి. ఒకటి సొంతిల్లు, ఒకటి ఎప్పుడో ఖాళీ చేసిన బాడుగిల్లు, ఇంకొకటి అసలు ఎవరిదో. మూడూ కలిపి 300 దాటుతుంది. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటును అడిగితే మీ ఆధార్ కింద ఏ సర్వీసు నంబర్లున్నాయో చూసి చెబుతారు. మీది కాని నంబరు రాసుకుని, మీ సొంత మీటరు 12 నెలల బిల్లులు, ఆధార్ జిరాక్సు జతచేసి విద్యుత్ సంస్థ ఏఈ ఆఫీసులో అర్జీ ఇవ్వాలి. నోటిమాటతో లైన్‌మన్‌కు చెప్పి వచ్చేస్తే పని కాదు.

తర్వాతది బండి. పాత కారు అమ్మేశారు, డబ్బులు తీసుకున్నారు, ఆర్సీ మాత్రం మార్చలేదు. రవాణా శాఖ లెక్కలో ఆ కారు ఇంకా మీదే. ఫారం 29, ఫారం 30 మీద కొన్నవాళ్లతో సంతకాలు పెట్టించి పేరు మార్పించేదాకా పింఛను కదలదు. బాడుగకు తిప్పే బండి సొంత బండిగా రిజిస్టరైనా ఇదే తంటా.

మూడోది కుటుంబం. కొడుకు ఉద్యోగమొచ్చి వేరు కాపురం పెట్టి పదేళ్లయినా, సచివాలయం కుటుంబ జాబితాలో తల్లీకొడుకులు ఒక్క ఇంట్లోనే ఉంటారు. తల్లికి కొడుకు రూపాయి పంపకపోయినా కంప్యూటరుకు ఆమె ఉద్యోగి తల్లే. వేరు చేయించుకోవడానికి కొడుకు పెళ్లి ధ్రువపత్రం, వేరే చిరునామా ఉన్న ఆధార్ కావాలి. ఇది అన్నిటికన్నా నిదానంగా తెమిలే పని.

వయసు గొడవ ఇంకొకటి. పుట్టిన తేదీ తెలియని ముసలోళ్లకు ఆధార్ తీసేటప్పుడు అందాజుగా ఒక సంవత్సరం, జనవరి 1 వేసేశారు. చూడ్డానికి డెబ్బై ఏళ్ల మనిషి, కార్డులో యాభై ఎనిమిది. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకునే వీలుంది. ఆ ఒక్క అవకాశం తొందరపడి పాడుచేసుకోకుండా, గట్టి ఆధారం చేతిలో పెట్టుకునే పోవాలి.

ఏ అర్జీ ఇచ్చినా రసీదు నంబరు తీసుకోండి. అది లేకుండా సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్తే మళ్లీ సచివాలయానికే తిప్పి పంపుతారు.

అపోహ: దొంగ సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్లతో సగం ఊరు తింటోంది.

దొంగ సర్టిఫికెట్లు లేవని ఎవరూ అనరు. దళారులు, డబ్బులు, శాతాలు పెంచడం అందరికీ తెలిసినవే. అందుకే 2025లో దివ్యాంగుల పింఛన్లను మళ్లీ వైద్యులతో పరీక్ష చేయించారు, ఆగస్టులో 40 శాతం లోపు అని తేలినవాళ్లకు నోటీసులు వచ్చాయి. ఆ నోటీసుల్లో నిజంగా కాలు పనిచేయనివాళ్లవీ ఉండటంతో గొడవై, అప్పీలుకు అవకాశమిచ్చారు. అప్పీలుకు వెళ్లేటప్పుడు పాత సదరం, కొత్త నోటీసు, ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు అన్నీ పట్టుకుపోవాలి. వినికిడి, మానసిక వైకల్యం కంటికి కనపడవు. "బాగానే నడుస్తాండాడు గదా" అన్న పక్కింటివాళ్ల సాక్ష్యం ఇక్కడ చెల్లదు.

అపోహ: స్టోరు బియ్యం తీసుకుని అమ్ముకుంటున్నారు, అంటే వాళ్లకు అక్కర్లేదనే గదా.

అమ్మేవాళ్లు ఉన్నారు. అది నేరం కూడా, నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు పెడతారు. కానీ కొలత చూడండి. మనిషికి నెలకు 5 కిలోలు, నలుగురుంటే 20 కిలోలు. అంత్యోదయ కార్డుకు మాత్రం ఎంతమందున్నా 35 కిలోలు. మట్టి పనికి పోయే మనిషి రోజుకు అర కిలో గింజ తింటాడనుకుంటే ఒక్కడికే నెలకు 15 కిలోలు కావాలి. ఇరవై కిలోలు నలుగురిని నెలంతా సాకవు.

అయినా ఎందుకు అమ్ముతారంటే, ఇల్లు సంగటి, జొన్నరొట్టె తింటుంది, లేదా పిల్లలు సన్నబియ్యానికి అలవాటుపడ్డారు. లావు బియ్యం కొంత ఇడ్లీకి, సంగటిలో ముద్ద కట్టడానికి వాడి, తక్కింది ఇచ్చి ఆ డబ్బుకు నూనో చక్కెరో తెచ్చుకుంటారు. ఇది తప్పు అనొచ్చు, కడుపు నిండిన తప్పు మాత్రం కాదు. అసలు లాభం వీధి వీధీ తిరిగి పోగేసి, లారీకెత్తి మిల్లుకు చేర్చేవానిది. తిట్లు మాత్రం బియ్యం గంపతో నడిచిపోయే ఆడమనిషికి.

"ప్లాస్టిక్ బియ్యం" గోల కూడా ఇక్కడే తెమల్చుకుందాం. నూరు గింజలకు ఒకటి చొప్పున కలిపే బలవర్ధక గింజ అది. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి మరలో గింజలా అచ్చుపోస్తారు. రంగు తేడాగా ఉంటుంది, కడిగేటప్పుడు తేలొచ్చు. ఏరి పారేయొద్దు. తూకం తగ్గినా, సరుకు ఇవ్వకపోయినా 1967కు ఫోన్ చేయొచ్చు.

అపోహ: కరువు పనికి పోయి చెట్టు కింద కూర్చుంటే కూలి పడుతుంది. దానివల్లే చేలోకి కూలోళ్లు దొరకడం లేదు.

కరువు పని అంటే ఉపాధి హామీ పథకమే. అది దేశంలో మొదలైంది మన దగ్గరే, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఇన్నేళ్లయినా కూలి ఎట్లా లెక్కగడతారో చాలామందికి తెలియదు. ఇది దినకూలి కాదు, కొలత కూలి. 2025-26లో మన రాష్ట్రానికి రోజుకు 307 రూపాయలు అని ప్రకటించారు. అంటే హాజరు వేసుకుంటే 307 వస్తుందని కాదు. గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచి, ఎన్ని ఘనపు మీటర్లు, ఏ రకం నేల అని చూసి విలువ కడతారు. పదిమంది గుంపు ఆరు రోజులు చేస్తే 60 పనిదినాలు. కొలతలో పని విలువ 15,000 వచ్చిందంటే ఒక్కొక్కరికి రోజుకు 250 పడుతుంది. ఘనపు మీటరు మట్టి అంటే ఒకటిన్నర టన్నుకు పైనే. మే నెల ఎండలో ఎర్రనేల గడ్డపారకు లొంగదు. ముందు రోజు నీళ్లు పోసి నానబెట్టుకోకపోతే కొలత రాదు. కొలత రాకపోతే కూలి తగ్గుతుంది. తొమ్మిదికో పదికో చెట్టు కింద కనపడేవాళ్లు పొద్దున ఆరుకే పనిలోకి దిగినవాళ్లు. రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో తీయాలన్న నిబంధన ఉంది కాబట్టి, పని అయిపోయినా రెండో ఫొటో కోసం కాచుకుని ఉంటారు.

చేలకు కూలోళ్లు దొరకని మాట నిజమే, ఇదొక్కటే కారణం కాదు. 2005 ఉపాధి హామీ చట్టంలో ఏడాదికి ఇంటికి మొత్తం 100 రోజులే, మనిషికి కాదు. ఏడాదిలో తక్కిన 265 రోజులు ఎక్కడికి పోయినట్టు? మన దగ్గర ఈ పనులు ఎక్కువగా వేసవిలో, చేలు ఖాళీగా ఉన్నప్పుడే జరుగుతాయి. దేశంలో పనుల్లేని నెలల్లో రైతులిచ్చే కూలి ఈ పథకం వల్ల కొంత పెరిగిందని ఆర్థికవేత్తలు తేల్చారు. "కూలోళ్లు దొరకడం లేదు" అనే మాటలో "పాత కూలికి దొరకడం లేదు" అన్నది కూడా దాగుంది. నష్టాల్లో ఉన్న చిన్నరైతుకు అది బరువే, కాదనలేం. 2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో తెచ్చిన కొత్త చట్టంలో 125 రోజులు రాశారు. సేద్యం ముమ్మరంగా ఉండే కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపే వీలూ పెట్టారు.

అపోహ: మా పన్నులు వీళ్లు తింటున్నారు.

సబ్బుకు, చెప్పులకు, సెల్ రీచార్జికి పన్ను కట్టనిది ఎవరు? ఆదాయపు పన్ను ఒక్కటే పన్ను కాదు.

అపోహ: ఊర్లోనే లేరు, పింఛను మాత్రం తీసుకుంటున్నారు.

కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి, అంటే పని కోసం వలస పోతారు. గుంటూరు మిరప చేలకో, బెంగళూరు కట్టడాలకో పోయి నెలల తరబడి రారు. ఇట్లాంటివాళ్ల కోసమే ఒక వెసులుబాటు ఉంది. వరసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల మూడు నెలలదీ కలిపి ఇస్తారు. మూడో నెలా తప్పితే శాశ్వతంగా వలస పోయినట్టు లెక్కగట్టి ఆపేస్తారు, మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. కాబట్టి మూడో నెల ఒకటో తారీకుకు మనిషి ఊర్లో ఉండేట్టు ముందే ప్రయాణం పెట్టుకోవాలి. రాష్ట్రంలోనే వేరే ఊర్లో చాలాకాలం ఉండేటట్టయితే అక్కడి సచివాలయానికి పింఛను మార్పించుకోవచ్చు. బెంగళూరులో బియ్యం తీసుకోవాలంటే మీ కార్డు కేంద్ర ఆహార భద్రత చట్టం కిందిదై ఉండాలి. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డయితే సరిహద్దు దాటితే పనిచేయదు. మీది ఏ రకమో బయల్దేరకముందే డీలరును అడిగి తెలుసుకోండి. మట్టి పనితో వేళ్ల గీతలు అరిగిపోయినవాళ్లు ఊర్లో ఉన్నప్పుడే ఆధార్ కేంద్రానికి పోయి బయోమెట్రిక్ కొత్తగా తీయించుకుంటే మంచిది.