సన్‌స్క్రీన్ ట్యూబు ఎన్నాళ్ళొస్తోంది? వేసవిలో చర్మం గురించి అపోహలు - వాస్తవాలు

"మేడమ్, ఎస్పీఎఫ్ 50 వాడుతున్నా మొహం నల్లబడుతూనే ఉంది" అంటూ ఏప్రిల్‌లో ఒక టీచరమ్మ వచ్చారు. బ్యాగులోంచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టారు. 50 గ్రాముల ట్యూబు. చేతిలోకి తీసుకుంటే ఇంకా బరువుగానే ఉంది.

"ఎప్పుడు కొన్నారమ్మా?"

"సంక్రాంతి సెలవులకు ముందు."

రోజూ రాస్తున్నారా అంటే, ఒక్కరోజు కూడా మానలేదన్నారు. నిజమే చెప్పారు. రాసి చూపించమంటే శనగగింజంత తీసుకుని మొహమంతా సర్దేశారు. మెడకు మిగల్లేదు.

గుంటూరు ప్రాంతంలో చర్మవ్యాధుల డాక్టరుగా 18 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ప్రతి వేసవిలో ఏ కంపెనీది మంచిది, ఏది సేఫ్ అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఎంత రాయాలని అడిగేవాళ్ళు అరుదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

అపోహ: ఎస్పీఎఫ్ నంబరు పెద్దదైతే కొంచెం రాసినా చాలు.

ఎస్పీఎఫ్ అంటే ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే కొలత. ట్యూబు మీద వేసే ఆ నంబరును ల్యాబులో కొలిచేటప్పుడు ఒక చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల క్రీము రాస్తారు. పరీక్షలో వచ్చిన 50 మనకు రావాలంటే మనమూ అంత మందంగా రాయాలి. మామూలుగా జనం రాసేది అందులో సగమో, పావో. అప్పుడు పెట్టె మీద 50 ఉన్నా మొహం మీద 50 ఉండదు.

సులువైన కొలత ఒకటుంది. చూపుడు వేలు, మధ్య వేలు పక్కపక్కన పెట్టి, వాటి పొడవునా రెండు గీతల్లా క్రీము పిండండి. అది మొహానికీ మెడకూ సరిపోతుంది. సుమారు ఒక గ్రాము. పొద్దున బయల్దేరే ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రాస్తే రోజుకు 2 గ్రాములు. 50 గ్రాముల ట్యూబు 25 రోజుల్లో అయిపోవాలి. మీ ట్యూబు నాలుగు నెలలు వస్తోందంటే లోపం క్రీములో లేదు.

ఇక నంబరు సంగతి. ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత (యూవీ) కిరణాలుంటాయి. వాటిలో చర్మాన్ని కందించే యూవీబీ రకాన్ని ఎస్పీఎఫ్ 15 సుమారు 93 శాతం ఆపుతుంది, 30 అయితే 97, 50 అయితే 98. ముప్ఫైకీ యాభైకీ కాగితం మీద తేడా ఒక్క శాతమే. అయినా నేను 50 రాస్తాను, ఎలాగూ తక్కువే పూస్తారు కాబట్టి. ఆ పైన 70, 100 అంటూ డబ్బులు పెట్టనక్కర్లేదు. ఆ డబ్బుతో రెండో ట్యూబు కొనుక్కోండి. చవకది దండిగా రాయడం, ఖరీదైనది పొదుపుగా రాయడం కంటే ఎంతో మేలు.

అపోహ: పదకొండింటికి ఇంకా ఎండ ఎక్కదు. రెండింటికే ప్రమాదం.

వేడి వేరు, యూవీ వేరు. వేడి మనకు తెలుస్తుంది, యూవీ తెలియదు. మన దగ్గర సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి. యూవీ తీవ్రత అప్పుడే ఎక్కువ. నేల కాగి, గాలి కాగి, వడగాల్పు మొదలయ్యేసరికి రెండు, మూడు అవుతుంది. కాబట్టి "ఎండెక్కక ముందే పని చూసుకొద్దాం" అని పదకొండింటికి బయల్దేరే మనిషి మీద పడే యూవీ, ఒంటిగంట దాటాక బయట ఉన్నవాడి మీద పడేదానికి ఏమీ తీసిపోదు. సాయంత్రం నాలుగున్నరకు ఒళ్ళు కాలిపోతున్నా యూవీ చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ వేడికి వడదెబ్బ తగులుతుంది, నిజమే. కానీ చర్మానికి తగిలే దెబ్బ అంతకు ముందు, మేలో వేడి ఇంకా అంతగా ముదరని రోజుల్లోనే పూర్తి బలంతో ఉంటుంది.

గుర్తుపెట్టుకోవడానికి గడియారం కూడా అక్కర్లేదు, మీ నీడ చూసుకోండి. నీడ మీ కంటే పొట్టిగా ఉంటే యూవీ గట్టిగా ఉన్నట్టే. హైదరాబాదులో మే 9 ప్రాంతంలోనూ, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. గుంటూరు, విజయవాడల్లో అది మే మొదటి వారంలోనే వస్తుంది. ఆ రోజుల్లో చల్లగా ఉందని అరకు కొండ మీద టోపీ లేకుండా తిరిగినా ఎండ వదిలిపెట్టదు. ఎత్తుకు వెళ్ళేకొద్దీ యూవీ పెరుగుతుందే కానీ తగ్గదు.

అపోహ: సన్‌స్క్రీన్ రాసుకుంటే ఎంతసేపైనా ఎండలో ఉండొచ్చు.

ఈ ఒక్కటీ పోతే నాకు సగం పని తగ్గుతుంది. సన్‌స్క్రీన్ మూడో రక్షణ. మొదటిది నీడ, రెండోది బట్ట.

మిర్చి కోతకు వెళ్ళే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టి, అంచు మొహం మీదికి లాక్కుంటారు. ఆ చొక్కా చేసే పని ఏ ట్యూబూ చేయలేదు. అది రెండు గంటలకోసారి తిరిగి రాయాల్సిన అవసరం లేదు, చెమటకు కారిపోదు. అసలు ఉపాధి హామీ పనికి వెళ్ళే మనిషిని నెలకు రెండు ట్యూబులు కొనమనడం నాకు మనసొప్పదు. పొడుగు చేతుల చొక్కా, మొహం మీద నీడ పడేంత అంచున్న టోపీ, పదకొండులోపు పని ముగించే వీలు, ఇవే వాళ్ళకు అసలైన మందు.

బట్టల్లో కూడా తేడా ఉంది. లైటుకు అడ్డంగా పట్టుకుని చూడండి. వెలుగు ఎంతగా కనబడితే యూవీ అంతగా దూరుతుంది. పల్చటి తెల్ల నూలు చున్నీ తడిస్తే ఇంకా తక్కువ కాపాడుతుంది. స్కూటీ మీద వెళ్ళే అమ్మాయిలు చున్నీని రెండు మడతలు వేసి కట్టుకుంటే చాలా తేడా వస్తుంది. రోజూ ఉతకండి. చెమట పట్టిన చున్నీతో బుగ్గల మీద మొటిమలు తెచ్చుకున్నవాళ్ళు నాకు ప్రతి మేలో కనబడతారు.

అపోహ: ఇంట్లో, కారులో ఉంటే ఏమీ అక్కర్లేదు.

రోజంతా కారు నడిపే మనిషి వస్తే రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి చూస్తాను. కిటికీ వైపు ఉండే కుడి ముంజేయి ఎడమదాని కంటే నల్లగా, గరుగ్గా ఉంటుంది. మామూలు అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది, యూవీలో రెండో రకమైన యూవీఏని వదిలేస్తుంది. మంగు మచ్చలను నల్లబరిచేది, చర్మాన్ని ముడతలు పెట్టేది ఆ యూవీఏనే. ట్యూబు మీద ఎస్పీఎఫ్ పక్కన పీఏ అని ప్లస్ గుర్తులు ఉంటాయి చూడండి, అవి యూవీఏ నుంచి ఎంత రక్షణో చెప్తాయి. జపాన్‌లో పుట్టిన పద్ధతి. మూడు ప్లస్‌లు, నాలుగు ప్లస్‌లు ఉన్నది తీసుకోండి. ఎస్పీఎఫ్ ఒక్కటే రాసి, పీఏ కానీ బ్రాడ్ స్పెక్ట్రమ్ (యూవీఏ, యూవీబీ రెండింటి నుంచీ రక్షణ) అని కానీ లేని ట్యూబు వద్దు.

కిటికీకి దూరంగా, వంటింట్లోనో హాల్లోనో గడిపేవాళ్ళకు మాత్రం రెండు గంటలకోసారి రాయమని నేను చెప్పను. మంగు ఉంటే తప్ప.

అపోహ: మంగుకు ఏ సన్‌స్క్రీన్ అయినా ఒకటే.

కాదు. చామనఛాయ, నలుపు చర్మాల్లో మామూలు వెలుతురు కూడా, అంటే కంటికి కనబడే కాంతి కూడా రంగును పెంచుతుంది. తెల్లగానో రంగు లేకుండానో ఉండే మామూలు సన్‌స్క్రీన్లు యూవీని ఆపుతాయి కానీ ఈ కాంతిని అంతగా ఆపవు. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్. ఏళ్ళ తరబడి మంగు తగ్గనివాళ్ళకు నేను మందు మార్చేముందు సన్‌స్క్రీన్ మారుస్తాను. టీచరమ్మకు కూడా అదే రాశాను. రెండు వేళ్ళ కొలత చూపించి, ట్యూబు మీద కొన్న తేదీ బాల్‌పెన్నుతో వేయమన్నాను. మంగుకు పొయ్యి సెగ, గర్భం, కొన్ని హార్మోన్ మాత్రలు కూడా కారణాలే. క్రీముతో పూర్తిగా పోతుందని ఎవరైనా మాటిస్తే నమ్మకండి.

అపోహ: నల్లటి చర్మానికి ఎండ ఏమీ చేయదు.

చర్మ క్యాన్సర్ విషయంలో చర్మానికి రంగునిచ్చే మెలనిన్ మనల్ని బాగా కాపాడుతోంది, అందులో సందేహం లేదు. తెల్లవాళ్ళ దేశాల్లో ఉన్నంత భయం మనకు అక్కర్లేదు. పుట్టుకతోనే రంగు లేకుండా ఉండే అల్బినిజం పిల్లలు మాత్రం వేరు. వాళ్ళకు సన్‌స్క్రీన్, పొడుగు చేతులు, టోపీ ప్రాణావసరం. మిగతా మనందరికీ ఎండ చేసేది మంగు, మొటిమలు మానాక మిగిలే నల్ల మచ్చలు, ఎండ పడనివాళ్ళకు ముంజేతుల మీద, మెడ వెనక వచ్చే దురద పొక్కులు. ఈ ఎండ ఎలర్జీ కొందరిలో పాలిపోయిన చిన్న చిన్న మచ్చలుగా వస్తుంది. బొల్లి అనుకుని ఇల్లంతా నిద్ర మానుకుని వస్తారు. చాలాసార్లు బొల్లి కాదు. టెన్షన్ పడకుండా ఒకసారి చూపించుకోండి.

అపోహ: కెమికల్ సన్‌స్క్రీన్లు రక్తంలోకి వెళ్ళి క్యాన్సర్ తెస్తాయి.

భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒంట్లో 75 శాతం భాగానికి, రోజుకు నాలుగుసార్లు, నాలుగు రోజులు సన్‌స్క్రీన్ పూసి రక్తం పరీక్షిస్తే ఆక్సీబెంజోన్ లాంటి రసాయనాలు కనబడ్డాయి. రక్తంలో కనబడటం, హాని చేయడం ఒకటి కాదు. ఇంకా పరీక్షలు కావాలని చెప్పిన ఎఫ్‌డీఏనే వాడటం మానొద్దని కూడా చెప్పింది. హవాయిలో 2021 నుంచి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకం ఆపేశారు. అది సముద్రంలోని పగడపు దిబ్బల కోసం. 2021లోనే కొన్ని సన్‌స్క్రీన్ స్ప్రేలలో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ దొరికితే కంపెనీలు వెనక్కి తీసుకున్నాయి. బెంజీన్ సన్‌స్క్రీన్‌లో వేసే పదార్థం కాదు, తయారీలో కలిసిన కల్తీ.

మినరల్ సన్‌స్క్రీన్లలో ఉండే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ చర్మం లోపలికి దాదాపుగా వెళ్ళవు. గర్భిణులకు, చిన్నపిల్లలకు, సున్నిత చర్మం ఉన్నవాళ్ళకు నేను ఇవే రాస్తాను. తెల్లగా తేలతాయన్న ఫిర్యాదు నిజమే, టింటెడ్ రకంలో అది తగ్గుతుంది. చెమటతో కళ్ళలోకి దిగి మండే బాధ కూడా వీటితో తక్కువ. జిడ్డు చర్మానికి జెల్ రకం తీసుకోండి. ఆరు నెలల లోపు బిడ్డకు ఏదీ రాయొద్దు, నీడా మెత్తటి నూలు బట్టా చాలు.

అపోహ: నిమ్మరసం రాస్తే ట్యాన్ పోతుంది.

నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే కాలినట్టు బొబ్బలు లేచి, నెలల తరబడి నల్లగా ఉండిపోతుంది. నిమ్మలోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి. సున్నిపిండి స్నానానికి బాగుంటుంది, ఎండను ఆపదు. కొబ్బరినూనె కూడా అంతే.

అపోహ: పార్లర్‌లో ఇచ్చిన క్రీము రెండు వారాల్లో తెల్లగా చేసింది, అది మంచిదే.

సన్‌స్క్రీన్‌లో ఏముందోనని భయపడే ఇంట్లోనే లేబుల్ లేని క్రీము డబ్బా ఉండటం నన్ను చాలా బాధపెడుతుంది. డిగ్రీ చదివే అమ్మాయి ఒకరు వచ్చారు. మూత మీద పేరు లేదు, తేదీ లేదు. మొదటి రెండు వారాలు మొహం మెరిసిందట. నాలుగో నెలకు బుగ్గలు ఎర్రగా, పల్చగా అయి నరాలు కనబడుతున్నాయి, గడ్డం దగ్గర నూగు పెరిగింది. "పొయ్యి దగ్గర నిలబడినా మండుతోంది మేడమ్" అంది. అది ఆ క్రీములో కలిపిన స్టెరాయిడ్ మందు దెబ్బ. మానితే ముందు ఎక్కువై, తర్వాత నెలల మీద తగ్గుతుంది. అందుకే సొంతంగా మానేసి మళ్ళీ మొదలుపెట్టకుండా డాక్టరు దగ్గరే మానాలి. ఇలాంటి తెల్లబరిచే క్రీముల్లో కొన్నిటిలో పాదరసం ఉంటుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో వీటి వల్ల కిడ్నీలు దెబ్బతిన్న కేసులను అక్కడి డాక్టర్లు 2023లో బయటపెట్టారు.

మన దేశంలో సన్‌స్క్రీన్ కాస్మెటిక్ కిందికి వస్తుంది. కాబట్టి ట్యూబు వెనక తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పదార్థాల జాబితా, తయారీదారు చిరునామా ఉండి తీరాలి. బయటి దేశం నుంచి వచ్చినదైతే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇవి లేని డబ్బా ఎవరిచ్చినా మొహానికి పెట్టకండి.

అపోహ: వేసవిలో మొహం కందితే అది ఎండే.

అన్నిసార్లూ కాదు. ఒక రైతు మూడు వేసవులు ఎండ పడట్లేదని మందులు వాడారు. కనురెప్పలు, మెడ మడతలు, మోచేతి లోపలి వైపు చర్మం దళసరిగా అయిపోయింది. ఎండ ఎలర్జీ అయితే పై రెప్పలు, చెవుల వెనక, గడ్డం కింద లాంటి నీడపట్టు సాధారణంగా బాగుంటుంది. ఈయనకు అక్కడే ఎక్కువ. గట్ల మీద పెరిగే వయ్యారిభామ కారణం. ఆ మొక్క పొడి గాలిలో ఎగిరి చర్మం మీద పడుతుంది. మాస్కు, పొడుగు చేతులు, పొలం నుంచి రాగానే స్నానం, వేరే మనిషితో మొక్కలు పీకించడం, వీటికి చికిత్స తోడయ్యాక తగ్గారు. కొన్ని బీపీ మాత్రలు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఎండ పడకుండా చేస్తాయి. వాడుతున్న మందుల చీటీ తీసుకురండి. చెమటకాయలకు, సెగగడ్డలకు, తామరకు సన్‌స్క్రీన్‌తో సంబంధం లేదు. తామరకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే మిక్స్‌డ్ క్రీముల్లో కూడా స్టెరాయిడే ఉంటుంది.

అపోహ: సన్‌స్క్రీన్ వాడితే విటమిన్ డి తగ్గిపోతుంది.

మనం రోజువారీ రాసే తీరుకు అలా జరగదు. మన దగ్గర విటమిన్ డి తక్కువగా ఉన్నవాళ్ళలో చాలామంది ఎప్పుడూ సన్‌స్క్రీన్ ముట్టనివాళ్ళే. రోజంతా ఇంట్లోనో ఆఫీసులోనో గడపడం అసలు కారణం. మొహానికి రాసి, చేతులకు కాసేపు ఎండ తగలనివ్వండి. పరీక్షలో తక్కువ వస్తే మాత్ర వేసుకోవచ్చు.

ఇంకొక్క మాట. ట్యూబును స్కూటీ డిక్కీలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. ఆ వేడికి క్రీము విరిగిపోతుంది. పిండినప్పుడు నీళ్ళు వేరుగా, ముద్ద వేరుగా వస్తే గడువు తేదీ ఇంకా ఉన్నా పారేయండి.