ఒక్క 'ఇంట్' కోసం పాతికేళ్లు

కూకట్‌పల్లి హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదివే మా అన్నయ్య కొడుకు 2024లో ఓ రోజు ఫోన్ చేశాడు. "బాబాయ్, మొన్నటిదాకా నడిచిన ల్యాబ్ ప్రోగ్రామ్ ఇప్పుడు కంపైలే కావట్లేదు. నేనేం ముట్టుకోలేదు."

ముట్టుకున్నాడు. ల్యాప్‌టాప్‌లో ఫెడోరాను (లినక్స్‌లో ఒక రకం) 39వ వెర్షన్ నుంచి 40కి మార్చాడు. దాంతో సీ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ను మెషిన్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ జీసీసీ కూడా 13వ వెర్షన్ నుంచి 14కి మారింది. సీనియర్ల రికార్డులోంచి దించిన ఆ ప్రోగ్రామ్‌లో, అది మొదలయ్యే మెయిన్ అనే ఫంక్షన్ ముందు 'ఇంట్' (ఇది పూర్ణాంకం తిరిగిస్తుందని చెప్పే టైపు) లేదు. స్వాప్ అనే ఫంక్షన్ని ముందు ఎక్కడా డిక్లేర్ చేయకుండానే, అంటే అది ఏమిస్తుందో చెప్పకుండానే, పిలిచారు. మొన్నటిదాకా ఈ రెండూ వార్నింగులే, ఇప్పుడు ఎర్రర్లు. వార్నింగ్ వచ్చినా ప్రోగ్రామ్ తయారవుతుంది, ఎర్రర్ వస్తే కాదు.

ఈ అలవాటు చాలా పాతది. సీకి ముందున్న బీ భాషలో డేటా టైపులే లేవు. 1970ల్లో సీ వచ్చాక కూడా ఆ వాసన పోలేదు, టైపు చెప్పకపోతే 'ఇంట్' అనుకునేది. సీ భాషకు నియమాలు రాసిన 1989 స్టాండర్డ్, ఫంక్షన్ ఏం తీసుకుని ఏం ఇస్తుందో ముందే చెప్పే ప్రోటోటైపులు తెచ్చినా దీన్ని వదల్లేదు. 1999 స్టాండర్డ్‌లో తీసేశారు. అమీర్‌పేట కోచింగుల్లో చాలాకాలం రాజ్యమేలిన టర్బో సీ 1987 నాటిది, దానికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. ఆ నీలం స్క్రీన్ ముందు సీ నేర్చుకున్న మా తరానికీ తెలియలేదు, అది వేరే విషయం.

రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన జీసీసీ కూడా 1987లోనే వచ్చింది. అది 2015 దాకా, అంటే 5వ వెర్షన్ వచ్చేదాకా, మనం ప్రత్యేకంగా అడగకపోతే పాత యాసలోనే సీని చదివేది. ఆ వెర్షన్‌తో 2011 స్టాండర్డ్‌కు మారి, అడగకుండానే వార్నింగ్ ఇవ్వడం మొదలుపెట్టింది. 2023లో క్లాంగ్ అనే మరో కంపైలర్ 16వ వెర్షన్‌లో వీటిని ఎర్రర్లు చేసింది. మరుసటి ఏడాది మే నెలలో జీసీసీ 14 అదే దారి పట్టింది.

ఇది వట్టి చాదస్తం అనుకునేవాళ్లు, నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపి లోపల చూపించే జీడీబీని ఒకసారి తెరిచి చూడాలి. వేరే ఫైల్లో పాయింటర్ (మెమరీలో ఒక చోటి అడ్రస్) తిరిగిచ్చే ఫంక్షన్ ఉందనుకోండి. డిక్లరేషన్ లేకపోతే కంపైలర్ అది 'ఇంట్' ఇస్తుందనుకుంటుంది. 64 బిట్ల మెషిన్‌లో పాయింటర్‌కు 64 బిట్లు, 'ఇంట్'కు 32. ఫంక్షన్ లోపల ఆగి చూస్తే 5555తో మొదలయ్యే 12 హెక్సాడెసిమల్ అంకెల (ఒక్కోటి 4 బిట్లు) అడ్రస్ కనిపిస్తుంది. ఒక్క అడుగు బయటికి వచ్చి చూస్తే చివరి 8 అంకెలే మిగిలి ఉంటాయి. దాన్ని తాకగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అంటూ ప్రోగ్రామ్ ఆగిపోతుంది. 32 బిట్ల రోజుల్లో రెండూ ఒకే సైజు కాబట్టి అదే కోడ్ నిక్షేపంగా నడిచేది.

మరి 1999లో తీసేసినదానికి ఇంతకాలం ఎందుకు ఆగారు? నా లెక్కలో అసలు అడ్డంకి, సాఫ్ట్‌వేర్‌ను కంపైల్ చేసే ముందు నడిచే కాన్ఫిగర్ స్క్రిప్టులు. సిస్టమ్‌లో ఫలానా సౌకర్యం ఉందా లేదా అని అవి చిట్టి ప్రోగ్రామ్ ఒకటి కంపైల్ చేసి చూస్తాయి. పాత స్క్రిప్టుల్లో చాలాసార్లు ఆ చిట్టి ప్రోగ్రామ్‌లోనే మెయిన్ ముందు 'ఇంట్' ఉండదు. ఎర్రర్ రాగానే స్క్రిప్టు "ఆ సౌకర్యం లేదు" అని రాసుకుని ముందుకెళ్లిపోతుంది. ఎవరికీ ఏ మెసేజీ రాదు, సాఫ్ట్‌వేర్‌లోంచి ఒక ఫీచర్ చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. అందుకే ఫెడోరా వాళ్లు ముందే తమ ప్యాకేజీలను వెతికి సరిచేస్తూ వచ్చారు. చాలా వాటికి ఒకటి రెండు లైన్ల మార్పు చాలు. కానీ ప్యాకేజీలు వేలల్లో ఉన్నాయి.

2023 చివర్లో జీసీసీలో జరిగిన మార్పు కూడా ఒక్క దెబ్బతో కాలేదు. 'ఇంట్' లేకపోవడానికి ఒక ప్యాచ్ (కోడ్ సవరణ), డిక్లరేషన్ లేకపోవడానికి ఇంకోటి, ఇలా విడివిడిగా వచ్చాయి. వాటితోపాటు మాన్యువల్‌నూ సవరించారు, పాత కోడ్ మీదే ఆధారపడిన టెస్టులనూ సర్దారు. ఏ ఫైల్లో, ఏ ఫంక్షన్లో, ఏం మారిందో ఆ మార్పుతోపాటు జతచేసే కమిట్ మెసేజీలో పద్ధతి ప్రకారం రాయాల్సిందే. ఒకప్పుడు చేంజ్‌లాగ్ ఫైల్లో చేత్తో ఎక్కించేవాళ్లు, 2020లో కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌కు మారాక ఆ పని స్క్రిప్టు చూసుకుంటోంది.

అర్జెంటుగా గట్టెక్కాలనుకునేవాళ్లకు పర్మిసివ్ అనే ఆప్షన్ ఉంచారు, అది పెడితే ఎర్రర్లు మళ్లీ వార్నింగులవుతాయి. మావాడికి అది చెప్పలేదు. ప్రోటోటైప్ ఒక లైన్, మెయిన్ ముందు 'ఇంట్' పెట్టించాను. రెండు నిమిషాల పని. రికార్డులో మాత్రం సీనియర్లు రాసిందే రాసి సార్‌తో సంతకం పెట్టించుకున్నాడు.