టీవీ తెర మీద కొత్త మెయిల్ కబురు: అపోహలు – వాస్తవాలు

సెట్‌టాప్ బాక్సులకు సాఫ్ట్‌వేర్ రాసే మా రంగంలో, సినిమా చూస్తున్న ప్రేక్షకుడికి కొత్త ఈమెయిల్ వచ్చిందని టీవీ తెర మీదే తెలియజేయడం పైకి చాలా చిన్న పనిగా కనిపిస్తుంది. తెర మూలన ఒక కవరు బొమ్మ, దాని పక్కన ఒక అంకె, అంతే. అయితే ఆ బొమ్మ సరైన ఇంట్లో, సరైన వేళకు వెలిగి, అవసరం తీరగానే ఆరిపోవాలంటే వెనుక ఎంత వ్యవస్థ నడవాలో కొత్తగా చేరిన ఇంజనీర్లకే కాదు, వెబ్ రంగంలో ఏళ్ల అనుభవం ఉన్నవారికి కూడా తరచూ తెలియడం లేదు. ఇంటర్నెట్ తగిలించని బాక్సులు మన ఇళ్లలో ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి కాబట్టి, ఈ విషయంలో పాతుకుపోయిన కొన్ని అపోహలను వివరంగా చర్చించడం అవసరమని భావిస్తున్నాను.

అపోహ: టీవీలో మెయిల్ కబురు స్మార్ట్ టీవీలతో వచ్చిన సౌకర్యం.

వాస్తవం: స్మార్ట్ టీవీ అనే మాట వాడుకలోకి రాకముందే, 1996లో అమెరికాలో వెబ్‌టీవీ సేవ మొదలైంది. సోనీ, ఫిలిప్స్ తయారు చేసిన ఆ బాక్సును టీవీకి, ఇంటి ఫోన్ లైనుకు కలిపితే మెయిల్ చూసుకోవచ్చు. బాక్సు ముందు భాగంలో ఒక దీపం ఉండేది. బాక్సు రోజుకొకసారి తనంతట తానే ఫోన్ కలిపి, మెయిల్ ఉందో లేదో కనుక్కుని, ఉంటే ఆ దీపాన్ని వెలిగించేది. టీవీ ఆపి ఉన్నా దీపం మాత్రం కనిపిస్తుంది. అంత సరళమైన, అంత మర్యాదైన ఏర్పాటు ఆ తరువాత నాకు ఎక్కువగా కనిపించలేదు. ఆ సంస్థను 1997లో మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేసింది. ఎంఎస్ఎన్ టీవీ అనే పేరుతో 2013 సెప్టెంబరు వరకు ఆ సేవ కొనసాగింది. బ్రిటన్‌లో 1999లో స్కై ఉపగ్రహ ప్రసారాల మీద ‘ఓపెన్’ అనే ఇంటరాక్టివ్ సేవ మొదలై, షాపింగ్, బ్యాంకింగ్‌లతో పాటు ఈమెయిల్‌ను కూడా టీవీ ముందుకు తెచ్చింది.

అపోహ: బాక్సే ఐదు నిమిషాలకొకసారి సర్వర్‌ను అడిగి తెలుసుకుంటే సరిపోతుంది, ప్రసార మార్గంతో పనేముంది?

వాస్తవం: అడగడానికి దారి ఉంటేనే కదా అడిగేది! అమెరికాలో చాలాచోట్ల స్థానిక కాల్స్‌కు విడిగా రుసుము ఉండేది కాదు కనుక బాక్సు ఫోన్ కలిపి అడిగినా చెల్లింది. నిమిషాల లెక్కన బిల్లు పడే దేశాల్లో, ఫోన్ కలిపిన ప్రతిసారీ ఇంటివారి జేబుకు చిల్లు పడుతుంది, పైగా ఆ సేపు ఆ ఇంటి ఫోన్ పలకదు. మన డీటీహెచ్ బాక్సుల్లో చాలావాటికి తిరుగు మార్గమే, అంటే బాక్సు నుంచి ప్రసార కేంద్రానికి మాట పంపే దారే, లేదు. చందాదారుడు ఏదైనా కోరాలంటే మొబైల్ నుంచి ఎస్సెమ్మెస్ పంపడమో, మిస్డ్ కాల్ ఇవ్వడమో చేయవలసి వచ్చింది. అందుకే, ఉపగ్రహం నుంచి ఎలాగూ నిరంతరం దిగుతున్న ప్రవాహంలోనే కబురును కూడా చేర్చి పంపే పద్ధతి రూపుదిద్దుకుంది.

అపోహ: అలాగైతే మెయిల్ మొత్తం ఉపగ్రహం మీదుగానే టీవీకి వస్తుంది.

వాస్తవం: మెయిల్ కదలదు, అది మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది. ప్రయాణం చేసేది "ఉంది" అన్న సమాచారం ఒక్కటే. ఫలానా ఖాతాకు కొత్త మెయిల్ చేరిందని మెయిల్ సర్వర్ ప్రసార కేంద్రానికి చెబుతుంది. ప్రసార కేంద్రం ఆ ఖాతా ఏ బాక్సుదో పట్టికలో చూసి, ఆ బాక్సు చిరునామాతో చిన్న సందేశం తయారు చేసి, చిత్రం, ధ్వనితో కలిపి ప్రసార ప్రవాహంలోకి వదులుతుంది. ఆ ప్రవాహం 188 బైట్ల ప్యాకెట్లుగా వస్తుంది. ప్రతి ప్యాకెట్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. బాక్సులోని ఫిల్టర్ తనకు అక్కరలేని సంఖ్యలను హార్డ్‌వేర్ స్థాయిలోనే వదిలేస్తుంది కాబట్టి ప్రాసెసర్‌కు ఆ భారం తెలియదు.

ఎందుకు ఇంత పొదుపు అంటే, లెక్క వేసి చూడండి. పది లక్షల మంది చందాదారులున్న సంస్థ ఈ పనికి సెకనుకు 50 కిలోబిట్ల జాగా కేటాయించిందనుకుందాం. ఒక్కొక్కరికి 100 బైట్ల సందేశం పంపితే అందరికీ ఒక చుట్టు పూర్తి కావడానికి 16,000 సెకన్లు, అంటే దాదాపు నాలుగున్నర గంటలు పడుతుంది. సందేశాన్ని 16 బైట్లకు కుదిస్తే అదే పని సుమారు 43 నిమిషాల్లో ముగుస్తుంది. ఇంకా ముందుకు వెళ్లి, ప్రతి చందాదారుడికీ వరుసలో ఒక స్థానం ఇచ్చి, ఆ స్థానంలో మెయిల్ ఉంటే 1, లేకుంటే 0 అని ఒక్క బిట్ మాత్రమే పంపితే 20 సెకన్లు చాలు. ప్రతి బాక్సూ ఆ పట్టీలో తన స్థానాన్ని మాత్రమే చూసుకుంటుంది. నాలుగున్నర గంటలకూ 20 సెకన్లకూ ఉన్న ఈ తేడా వేగమైన యంత్రాలతో రాలేదు. ఏమి చెప్పాలో, ఏమి చెప్పనక్కర్లేదో తేల్చుకోవడం వల్ల వచ్చింది.

అపోహ: ప్రసారం అందరికీ చేరుతుంది కనుక ఒక్క ఇంటికి మాత్రమే చెప్పడం కుదరదు.

వాస్తవం: చందా చానళ్లు ఆ చందా కట్టినవారి ఇంట్లోనే తెరుచుకునేలా చేసే వ్యవస్థే ఇక్కడా ఉపయోగపడుతుంది. ఒకే బాక్సుకు, ఒక సమూహానికి, లేదా అందరికీ విడివిడిగా సందేశం పంపే ఏర్పాటు అందులో ఉంటుంది. రీఛార్జ్ గడువు ముగుస్తోందని మీ టీవీలో మాత్రమే కనిపించే హెచ్చరిక ఈ తరహాదే. మన దేశంలో టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలే ప్రతి బాక్సుకూ విడిగా సందేశం అందుకునే శక్తి ఉండాలని, సందేశం నిడివి కనీసం 120 అక్షరాలకు అవకాశం ఉండాలని చెబుతున్నాయి. ఎన్‌క్రిప్షన్ లేని ఉచిత ప్రసారాలు అందుకునే మామూలు బాక్సులకు మాత్రం ఈ చిరునామా వ్యవస్థ ఉండదు కనుక వాటికి ఈ మార్గం పనికిరాదు.

అపోహ: పంపితే చేరినట్టే.

వాస్తవం: నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇదే, కాబట్టి కొంచెం విస్తరంగా చెప్పవలసి ఉంది. ప్రసారం ఏకముఖ మార్గం. సందేశం చేరిందని బాక్సు తిరిగి చెప్పలేదు. స్టాండ్‌బైలో ఉంచితే చాలా బాక్సులు సందేశాలు అందుకోగలవు గానీ, మన ఇళ్లలో రాత్రి పడుకునే ముందు గోడ మీద స్విచ్చే ఆపేయడం అలవాటు. వానకు సిగ్నల్ పోవడం మరో సంగతి. అందువల్ల ఒకే సందేశాన్ని గంటల తరబడి, అవసరమైతే రోజుల తరబడి తిప్పి తిప్పి పంపవలసి ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. "ఒక మెయిల్ వచ్చింది" అని పంపామనుకోండి. అదే సందేశం అయిదుసార్లు అందిన బాక్సు, జాగ్రత్తగా రాయకపోతే, అయిదు మెయిళ్లు వచ్చాయని లెక్క కడుతుంది. ఒక్కసారీ అందని బాక్సుకు సున్నాయే మిగులుతుంది. కాబట్టి జరిగిన సంఘటనను కాకుండా ప్రస్తుత స్థితిని పంపాలి: "ఈ ఖాతాలో ఇప్పుడు చదవనివి 3, ఇది 41వ సమాచారం." ఇలా పంపితే ఎన్నిసార్లు అందినా ఫలితం ఒక్కటే, మధ్యలో కొన్ని పోయినా చివరిది అందితే చాలు. ఈ వరుస సంఖ్యను విడిగా పెట్టుకోవడం మంచిది. ప్రసార ప్రమాణంలో సెక్షన్లకు, అంటే ఇలాంటి సమాచారాన్ని మోసే ముక్కలకు, ఉన్న వెర్షన్ సంఖ్య అయిదు బిట్లే కావడం వల్ల 31 దాటగానే మళ్లీ సున్నాకు వస్తుంది. వారం రోజులు ఊరికి వెళ్లి వచ్చినవారి బాక్సుకు ఏది పాతదో ఏది కొత్తదో దాన్ని బట్టి తెలియదు.

వెలిగించడం కంటే ఆర్పడం కష్టం. మధ్యాహ్నం ఆఫీసు కంప్యూటర్‌లో మెయిల్ చదివేసిన వ్యక్తి సాయంత్రం ఇంటికి వచ్చేసరికి టీవీ మీద కవరు బొమ్మ వెలుగుతూనే ఉంటే, తెరిచి చూసి, కొత్తదేమీ లేక మూసేస్తాడు. ఇలా రెండు మూడు సార్లు జరిగితే ఇక ఆ బొమ్మను పట్టించుకోవడం మానేస్తాడు, ఆ తరువాత నిజంగా మెయిల్ వచ్చినా ప్రయోజనం ఉండదు. స్థితిని పంపే పద్ధతిలో "చదవనివి 0" అన్న సమాచారమూ అదే దారిలో, అదే మర్యాదతో వెళుతుంది కనుక ఈ సమస్యకు వేరే ఏర్పాటు అక్కర్లేదు. ఏ కొత్త డిజైన్ నా బల్ల మీదకు వచ్చినా నేను ముందుగా వెతికేది ఆర్పే దారి ఎక్కడ ఉందన్నదే.

అపోహ: ఇంటర్నెట్ ఉన్న బాక్సులకు ఈ చర్చంతా అనవసరం.

వాస్తవం: కొంతవరకు నిజమే. సర్వర్‌లోని మెయిల్‌ను చూసుకోవడానికి వాడే ఐమ్యాప్ పద్ధతిలో కనెక్షన్ తెరిచి ఉంచి, కొత్త మెయిల్ రాగానే సర్వరే చెప్పే సౌకర్యం 1997 నుంచీ ప్రమాణంగా ఉంది. అయినా ఆ కనెక్షన్‌ను 29 నిమిషాలు మించకుండా తాజా చేస్తూ ఉండాలి, లక్షల బాక్సులకు లక్షల కనెక్షన్లు నిలబెట్టాలి. మెయిల్ పాస్‌వర్డును బాక్సులో దాచవలసి రావడం నాకు బొత్తిగా నచ్చని విషయం. ఆ కాపలా పనిని ఆపరేటర్ వైపు ఉంచి, బాక్సుకు స్థితి మాత్రమే పంపడం ఇప్పటికీ మేలు.

అపోహ: పంపినవారి పేరు, విషయం కూడా చూపిస్తే ప్రేక్షకుడికి ఉపయోగం.

వాస్తవం: ఫోన్ ఒక్కరిది, టీవీ ఇంటిల్లిపాదిది. హాల్లో అత్తమామలు, పిల్లలు, వచ్చిన చుట్టాలు కూర్చుని ఉండగా ఆసుపత్రి నుంచి వచ్చిన పరీక్ష ఫలితమో, బ్యాంకు నుంచి వచ్చిన బాకీ నోటీసో తెర మీద పడితే, ఆ ఇంట్లో ఒకరి గుట్టును మనమే బయటపెట్టినవాళ్లమవుతాము. అంకె మాత్రమే చూపి, వివరాలు పిన్ నొక్కాకే తెరవాలి. ఒకే ఇంట్లో ఎక్కువ ఖాతాలుంటే ఎవరిదో తెలిసేలా ఒక రంగో, ముద్దుపేరో వారినే ఎంచుకోనివ్వాలి. ఇక బొమ్మ కొన్ని సెకన్లు కనిపించి తప్పుకోవాలి, సబ్‌టైటిళ్ల మీద పడకూడదు, రికార్డింగులోకి అసలే ఎక్కకూడదు, వద్దనుకున్నవారు ఆపుకునే వీలు ఉండాలి.

అపోహ: తెలుగులో చూపడానికి ఒక ఫాంటు వేస్తే చాలు.

వాస్తవం: పాత టీవీలు చిత్రం అంచులను కొంత మేర కత్తిరించేవి కాబట్టి అక్షరాలను నాలుగు వైపులా పదో వంతు జాగా వదిలి లోపలే ఉంచాలన్నది ప్రసార రంగంలో పాత నియమం. మన లిపికి అది చాలదు. ఇంగ్లీషు కోసం కొలిచిన వరుసలో ఒత్తులు కింది గీతకు తగిలి తెగిపోతాయి. పైగా లిపి కూర్పు తెలియని బాక్సు "నమస్కారం" అన్న మాటలో ఒత్తు కట్టలేక సకారానికి పొల్లు పెట్టి, పక్కన కాకారాన్ని విడిగా నిలబెడుతుంది.

నిడివి మరో సమస్య. కంటికి నాలుగు అక్షరాలుగా కనిపించే "నమస్కారం", లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో ఎనిమిది సంకేతాలు, ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 24 బైట్లు. 120 అక్షరాలన్న పరిమితిని ఎవరైనా 120 బైట్లుగా రాసేస్తే తెలుగుకు మిగిలేది 40 సంకేతాలే, అంటే అయిదు నమస్కారాలు. అక్కడ గుడ్డిగా కత్తిరిస్తే వాక్యం చివర వేలాడే పొల్లో, అర్థం లేని గుర్తో మిగులుతుంది.

ఈ చిక్కులన్నిటికీ నేను సూచించే పరిష్కారం వాక్యాన్ని ప్రసారంలో పంపకపోవడమే. తెలుగు వాక్యాలను ముందే బాక్సులో భద్రపరచి, వాక్యం సంఖ్యనూ మెయిళ్ల సంఖ్యనూ మాత్రమే పంపితే, ఎన్ని భాషలున్నా సందేశం కొన్ని బైట్లు దాటదు. అయితే వాక్యాలను భద్రపరిచేటప్పుడు "మీకు 1 కొత్త మెయిల్ ఉంది" అనీ, "మీకు 3 కొత్త మెయిళ్లు ఉన్నాయి" అనీ రెండు వేర్వేరు వాక్యాలు రాయించుకోవాలి. అంకె మాత్రమే మార్చి "1 కొత్త మెయిళ్లు ఉన్నాయి" అని చూపే బాక్సును తెలుగు ఇళ్లకు పంపకూడదు.