స్పానిష్ దండయాత్రల వ్యూహాత్మక గేములు: అపోహలు – వాస్తవాలు

వంతులవారీగా సాగే పోరాట గేములకు నియమాలు కూర్చడం నా వృత్తి. ఈ కోవలో నేను ఎక్కువగా ఉదాహరించేది డెన్మార్క్‌కు చెందిన లాజిక్ ఆర్టిస్ట్స్ సంస్థ 2013లో విడుదల చేసిన ‘ఎక్స్‌పెడిషన్స్: కాంకిస్టడార్’. కరీబియన్ సముద్రంలోని హిస్పానియోలా దీవిలో మొదలై మెక్సికోకు సాగే ఈ గేము మీద ఉన్న అపోహలు చాలావరకు పదహారో శతాబ్దపు స్పానిష్ దండయాత్రల చరిత్ర మీద ఉన్న అపోహలే.

అపోహ: గేమంటే పోరాటమే, మిగిలినదంతా అలంకారం.

వాస్తవం: షట్కోణపు గడుల మీద జరిగే పోరాటం ఎంత ముఖ్యమో, రాత్రి మజిలీలో ఎవరిని వేటకు పంపాలి, ఎవరిని కాపలా ఉంచాలి, ఉన్న కాస్త మందు ఏ క్షతగాత్రుడికి వాడాలి అన్న నిర్ణయాలూ అంతే ముఖ్యం. మందు అందని గాయం ముదురుతుంది. తిండి తగ్గితే అనుచరుల మనోబలం సన్నగిల్లుతుంది.

అపోహ: వెంట ఉన్నవారు రాజుగారి సైనికులు కనుక నాయకుడి మాటకు ఎదురు చెప్పరు, గేములో వారు అలగడం కల్పన.

వాస్తవం: వారిలో అత్యధికులు జీతం మీద పనిచేసే సైనికులు కారు. రాజుకు చెందవలసిన ఐదో వంతు పోగా మిగిలిన సొమ్ములో వాటా కోసం, తమ ఖర్చులు తామే పెట్టుకుని, అప్పులు చేసి మరీ వచ్చినవారు. 1519లో మెక్సికో మీదికి స్పానిష్ దండయాత్ర నడిపిన కోర్టెస్ మనుషుల్లోనే కొందరు క్యూబాకు తిరిగి వెళ్లిపోవడానికి కుట్ర పన్నారు. అందుకే ప్రతి అనుచరుడికీ ఒక స్వభావాన్ని ఇచ్చి, నాయకుడి ప్రతి నిర్ణయాన్నీ దానితో తూచే నియమం ఈ గేములో అన్నిటికంటే చరిత్రకు దగ్గరగా ఉన్నదని నా అభిప్రాయం.

అపోహ: తుపాకులు, గుర్రాలు ఉన్న పిడికెడు మంది మెక్సికోలోని అజ్టెక్ సామ్రాజ్యాన్ని కూల్చారు.

వాస్తవం: కోర్టెస్ యాత్రలో పాల్గొన్న ఒక సైనికుడు వ్రాసిన లెక్క ప్రకారం, బయలుదేరినప్పుడు ఉన్న గుర్రాలు 16, తుపాకీదారులు 13 మంది. అడవిలో, తడిలో, మళ్లీ మందు కూరడానికి ఎంతో సమయం పట్టే ఆ తుపాకులతో అంత పెద్ద యుద్ధం గెలవడం అసాధ్యం. స్పెయిన్ వారే స్థానికులు ధరించే దూది కూర్చిన కవచాలను తొడుక్కున్నారు. ఫలితాన్ని మార్చినవి పొత్తులు. 1519 సెప్టెంబరులో వారితో హోరాహోరీగా పోరాడిన త్లష్కలా అనే స్థానిక రాజ్యపు ప్రజలు, ఆ సామ్రాజ్యాన్ని ఏలిన మెషికా పాలకులతో తమకున్న పాత వైరం దృష్ట్యా చేయి కలిపారు; 1521లో మెషికా రాజధాని తెనోచ్టిట్లాన్ ముట్టడిలో వేల సంఖ్యలో ముందు నిలిచి పోరాడారు. మశూచి దెబ్బ తీసిన మాట నిజమే, కానీ అది 1520లో వచ్చింది. పొత్తు అంతకుముందే కుదిరింది. ఆ పొత్తుల చర్చలు సాగడానికి కోర్టెస్‌కు దుబాసీగా ఉన్న స్థానిక స్త్రీ మాలింట్జిన్ భాషాజ్ఞానం ఆధారమైంది. కనుక సంభాషణలో తేలే పొత్తుకు కత్తివేటు కంటే ఎక్కువ బలం ఇవ్వని నియమావళి, బొమ్మలు ఎంత అందంగా ఉన్నా, ఆ స్థానిక ప్రజలను చరిత్రలోంచి తుడిచేస్తుంది. ఈ విషయంలో నేను రాజీపడలేను.

అపోహ: కోర్టెస్ తన ఓడలను తగులబెట్టాడు.

వాస్తవం: తగులబెట్టలేదు, పనికిరాకుండా చేశాడు. వాటి తెరచాపలను, తాళ్లను, ఇనుప సామగ్రిని ముందుగానే దింపించి దాచాడు. తరువాత తెనోచ్టిట్లాన్ చుట్టూ ఉన్న తెష్కోకో సరస్సులోకి దింపిన 13 చిన్న యుద్ధనౌకల నిర్మాణానికి ఆ సామగ్రి ఉపయోగపడింది. సామాను లెక్కను కథకు అడ్డుగా భావించే నియమకర్తలకు నేను మొదట చూపించేది ఈ ఉదంతాన్నే.